ఓడిపోయే స్తోమత

ఒక ఐఏఎస్ అధికారి తన కొడుకు గదిలో కార్ల్ మార్క్స్ పోస్టర్ అంటించాడు. కొడుకు మేధావి కావాలని ఆయన కోరిక. సంస్కృతం లెక్చరరైన తల్లి దానికి పోటీగా లక్ష్మీదేవి పోస్టర్ పెట్టింది. పిల్లవాడు తృప్తిగా బతికితే చాలన్నది ఆవిడ లెక్క. పిల్లవాడికి ఆ గడ్డమూ అక్కర్లేదు, ఈ పద్మమూ అక్కర్లేదు. అతనికి కావలసింది క్రికెటర్ ఎం.ఎల్. జయసింహ. ఏదో చిన్న కాలేజీలో చదువుకుని, హైదరాబాద్ జట్టుకు క్రికెట్ ఆడి, ఆ తర్వాత బ్యాంకులో ఉద్యోగం చేసుకోవాలన్నది అతని కల.

ఆ పిల్లవాడు సత్య నాదెళ్ల. 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఈ పోస్టర్ల సంగతి ఆయనే రాసుకున్నారు. ఐఐటీ ప్రవేశ పరీక్ష తప్పిన సంగతీ అందులోనే ఉంది. ఒకే గది, ముగ్గురు మనుషులు, విజయానికి మూడు అర్థాలు.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఈ కథను ఒకే తీరుగా చెబుతారు. ఐఐటీ రాకపోతేనేం, 2014లో మైక్రోసాఫ్ట్‌కే సీఈఓ అయ్యాడు చూడండి అని. నాకు మాత్రం ఆ కథలో సీఈఓ కుర్చీ కన్నా, పరీక్ష తప్పిన తర్వాతి నెలల మీదే ఆసక్తి. ఐఐటీ రాలేదు, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. అంతే. ఫీజు కోసం పొలం అమ్మాల్సిన ఇల్లు కాదది. ఆ ఓటమి ఒక వేసవి ముచ్చటగా గడిచిపోయింది. అదే మార్కులు, అదే తెలివి ఉన్న పిల్లవాడు అదే ఏడాది ఏ అనంతపురం పల్లెలోనో పరీక్ష తప్పితే ఏమై ఉండేదన్న దాని మీద ఎవరూ పుస్తకం రాయరు.

యువతకు విజయమంటే ఏమిటని అడిగితే మన దగ్గర జవాబులకు కొదవ లేదు. డబ్బంటారు, పేరంటారు, తృప్తంటారు, సేవంటారు. ఇవన్నీ గెలిచిన తర్వాత తీరిగ్గా చెప్పుకునే జవాబులు. ఇరవై ఏళ్ల పిల్లల విషయంలో అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: ఈసారి పోతే కాళ్ల కింద ఏముంది? ఎన్నిసార్లు ఓడిపోగలరు? గెలుపు కథల్ని కాస్త గట్టిగా దులిపి చూడండి, దాదాపు ప్రతి కథలోంచీ ఓడిపోయే స్తోమత ఒకటి రాలి పడుతుంది.

ఇంట్లో సప్లిమెంటరీ లేదు

మన తెలుగిళ్లలో పిల్లల జీవితానికి టైంటేబుల్ ముందే రాసి ఉంటుంది. పదహారుకు ఇంటర్ సీటు, పద్దెనిమిదికి ర్యాంకు, ఇరవై రెండుకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ లేదా అమెరికా చదువుకు ఐ-20, ఇరవై ఎనిమిదికి పెళ్లి, ముప్పైలో మియాపూర్ దాటాక ఎక్కడో త్రీ బీహెచ్‌కే. ఎంపీసీయా బైపీసీయా అన్నది అమ్మానాన్నలు తేలుస్తారు. ఏ కాలేజీ అన్నది పీఆర్వో తేలుస్తాడు. పదో తరగతి పరీక్షలు కాకముందే అతను ఇంటికొస్తాడు. కాఫీ తాగుతాడు. పిల్లవాడి మార్కులు చూసి ‘మీవాడు మా స్టార్ బ్యాచ్‌లో ఉండాల్సినవాడండీ’ అంటాడు. అక్కడే కూర్చుని ఎవరికో ఫోన్ చేసి ఫీజులో ఇరవై వేలు తగ్గించినట్టు తగ్గిస్తాడు. ఇంత నటనా పిల్లవాడు పక్క గదిలోంచి వింటూనే ఉంటాడు. అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

ఆ తర్వాత టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ఊపిరి తిప్పుకోకుండా అరిచే ర్యాంకుల ప్రకటన వస్తుంది. అరవని అంకెలు కూడా కొన్నున్నాయి. జేఈఈ మెయిన్‌కు ఇప్పుడు ఏటా దేశం మొత్తం మీద పద్నాలుగు లక్షల మంది దాకా కూర్చుంటున్నారు. ఐఐటీలన్నీ కలిపి ఉన్న సీట్లు పద్దెనిమిది వేల దరిదాపుల్లో. 2024లో నీట్ రాసినవాళ్లు ఇరవై మూడు లక్షల పైచిలుకు. అప్పుడు ఎంబీబీఎస్ సీట్లు లక్షా పదివేల చుట్టుపక్కల. అంటే ఎంత బాగా చదివినా, ఎంత బాగా చెప్పినా, ఎక్కువమంది బయటే నిలబడాల్సిన వ్యవహారమిది. సినిమా హాల్లో నాలుగొందల సీట్లుంటే నాలుగు వేల మందికి టికెట్లమ్మి, లోపలికి రాలేనివాళ్లను శ్రద్ధ లేదని తిట్టడం మరెక్కడా చూడం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల జాబితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత బయటపడింది. ఫెయిలైనవారందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. ఆ దుర్మార్గం సంగతి అలా ఉంచి ఒక్క మాట. ఇంటర్ బోర్డు ఏటా వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష పెడుతుంది. ఏడాది పోకుండా గట్టెక్కే దారి ప్రభుత్వ కాగితాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇంట్లో సప్లిమెంటరీ లేదు. ఫలితాల రోజు సాయంత్రం వచ్చే ఫోన్లలో లేదు, మేనమామ కొడుకు పర్సంటేజీతో పోల్చే మాటల్లో లేదు. దేశంలో 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు పదమూడు వేలకు పైనేనని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వీళ్లలో అందరూ పరీక్షల వల్లే పోలేదు. కానీ పరీక్షల వల్ల పోయిన ఒక్కొక్కరూ ‘మళ్లీ రాయొచ్చులే’ అన్న మాట సమయానికి చెవిన పడక పోయారని నాకనిపిస్తుంది.

అశోక్‌నగర్ లెక్కలు

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళితే, గేటు తెరవకముందే సర్కారు ఉద్యోగాలకు చదివేవాళ్ల బ్యాగులు వరుసలో ఉంటాయి. మనుషులు పక్కన టీ తాగుతుంటారు, వాళ్ల బదులు బ్యాగులు నిలబడతాయి. లోపల కుర్చీ దొరికినవాడు రాజు. దొరకనివాడు మెట్ల మీదా చెట్టు కిందా సర్దుకుంటాడు. కాస్త డబ్బున్నవాళ్లు నెలకింతని కట్టి అశోక్‌నగర్ సందుల్లోని స్టడీ హాల్‌లో చేరతారు. అక్కడ ఒక్కొక్కరికి చెక్కతో అడ్డుగట్టిన మూరెడు బల్ల, ఒక ప్లగ్ పాయింటు, తల మీద ఒక ట్యూబ్‌లైటు. ఎదుటి చెక్క మీద రంగురంగుల స్లిప్పులు: ఆర్టికల్ నంబర్లు, కాకతీయుల వంశక్రమం, నదుల పేర్లు. వాటి మధ్య ఎక్కడో చిన్నక్షరాలతో ‘అమ్మ మందులు – 5వ తారీఖు’.

మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం దగ్గర నిలబడ్డ వరుసలో ఎంటెక్‌లుంటారు, పీహెచ్‌డీలుంటారు, పెళ్లయి భార్యను ఊళ్లో ఉంచి వచ్చినవాళ్లుంటారు. వీళ్ల భాషే వేరు. ‘ఎన్నో అటెంప్ట్?’ అన్నది పలకరింపు. ‘కటాఫ్ ఎంత ఉండొచ్చంటావ్?’ అన్నది లోకాభిరామాయణం. ఊరికి వెళ్లడం తగ్గించేస్తారు. పెళ్లిళ్లకు అసలే వెళ్లరు. అక్కడ ఒక అత్తయ్య ఎప్పుడూ కాచుకుని ఉంటుంది.

‘ఏం చేస్తున్నావు నాన్నా ఇప్పుడు?’

‘ప్రిపేర్ అవుతున్నానత్తయ్యా.’

‘ఇంకానా!’

ఆ ‘ఇంకానా’కు పిల్లలు చెప్పలేని సమాధానం ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణలో మొదటి గ్రూప్-1 పడింది 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. మధ్యలో పదకొండేళ్లు. 2011లో ఇరవై ఒకటి ఉన్నవాడికి అప్పటికి ముప్పై రెండు. ఆ 503 పోస్టులకు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ జరిగింది, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మూడోసారి ప్రిలిమ్స్, తర్వాత మెయిన్స్, తర్వాత మళ్లీ కోర్టు. ఒకే ఉద్యోగానికి ఒకే ప్రిలిమ్స్ మూడుసార్లు రాసినవాడు ఎన్నిసార్లు ఓడిపోయినట్టు? నన్నడిగితే ఒక్కసారి కూడా కాదు. అతని వయసు మాత్రం రెండేళ్లు ఓడిపోయింది.

అభ్యర్థుల గోడు విని ప్రభుత్వం గరిష్ఠ వయోపరిమితిని ముందు 44కు, 2024లో 46కు పెంచింది. అది దయే, కాదనను. కానీ నలభై ఆరేళ్ల దాకా యువకుడిగా ఉండనివ్వడం ఎంత వరమో అంత శిక్ష కూడా. ఆపేయడానికి ఎవరో ఒకరు గీత గీసి ఇస్తే ఊరటపడే పిల్లలు అశోక్‌నగర్‌లో తక్కువేం లేరు.

ఐదోసారి రాయగలగడం

సివిల్స్‌లో మనవాళ్ల పేర్లు చూడండి. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. అది ఆయనకు ఐదో ప్రయత్నం. అప్పటి నారాయణపేట ఎస్పీ కుమార్తె ఎన్. ఉమాహారతిది 2022 పరీక్షలో మూడో ర్యాంకు. ఆమెకూ అది ఐదోసారే. 2016 పరీక్షలో మూడో ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణది శ్రీకాకుళం జిల్లా పల్లెటూరు. అప్పటికి ఆయన ఏళ్ల తరబడి ప్రభుత్వ బడిలో పంతులు.

ఈ ముగ్గురి ఫొటోలూ కోచింగ్ సెంటర్ల గోడల మీద ‘పట్టుదలకు మారుపేరు’ అన్న శీర్షిక కింద కనిపిస్తాయి. పట్టుదల నిజమే. అయితే అనుదీప్ అంతకుముందే ఇదే పరీక్షతో ఐఆర్ఎస్‌కు ఎంపికై, ఉద్యోగం చేస్తూనే మిగతా ప్రయత్నాలు చేశారు. గోపాలకృష్ణకు నెల మొదటి తారీఖున పంతులు జీతం వచ్చేది. ఉమాహారతికి ఇంటి అండ ఉంది. ఓడిపోయిన రాత్రి కూడా అన్నం ఎక్కడి నుంచి వస్తుందన్న బెంగ లేని చోట నిలబడి వాళ్లు మళ్లీ మళ్లీ రాశారు. వాళ్ల గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆ గొప్పతనంలో ఏ భాగాన్ని మనం అనుకరించగలమో చూపించడానికి అంటున్నాను. రోజుకు పద్దెనిమిది గంటల చదువును అందరూ అనుకరించలేరు. ముందు ఒక జీతం, ఆ తర్వాత సాహసం అన్న వరుసను అనుకరించవచ్చు.

‘ఉద్యోగం చేసుకుంటూ చదివితే రాదు, పూర్తిగా దిగాలి’ అని అశోక్‌నగర్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు ముందే చెబుతారు. ఆ సలహా ఇచ్చేవాళ్లకు హాస్టల్ ఉంటుంది, స్టడీ హాల్ ఉంటుంది, బ్యాచ్ ఉంటుంది. పూర్తిగా దిగినవాడే వాళ్లకు గిరాకీ.

యూపీఎస్సీ నిబంధనల్లోనే ఓటమికి లెక్క ఉంది. జనరల్ కేటగిరీలో ముప్పై రెండేళ్ల లోపు ఆరుసార్లు, ఓబీసీలకు ముప్పై అయిదులోపు తొమ్మిదిసార్లు, ఎస్సీ ఎస్టీలకు ముప్పై ఏడు వచ్చేదాకా ఎన్నిసార్లయినా. ఇది కాగితం మీద లెక్క. కూలి చేసే తల్లి పంపే నెల డబ్బులు ఎన్ని అటెంప్ట్‌లు నిలబెడతాయన్నది ఇంకో లెక్క. తొమ్మిది అవకాశాలున్నవాడు చాలాసార్లు రెండింటికే ఇంటిదారి పడతాడు.

నచ్చిందే చెయ్యమనేవాళ్లు

వేదికలెక్కి ‘మీ మనసుకు నచ్చింది చెయ్యండి, విజయం దానంతటదే వస్తుంది’ అనేవాళ్లంటే నాకు కొంచెం అనుమానం. ఈ విషయంలో తెలుగునేల మీద నిజాయితీగా మాట్లాడిన మనిషి పుల్లెల గోపీచంద్. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పబట్టే ఆటలో మిగిలిపోయానని, తనతో పాటు ఆడిన అన్న ఐఐటీ సీటు రావడంతో ఆట వదిలేశాడని ఆయన చాలాసార్లు చెప్పారు. పరీక్ష పోయినవాడు 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు, ఆ తర్వాత సైనాను, సింధును తీర్చిదిద్దాడు. ప్రేరణ ప్రసంగానికి ఇంతకన్నా సరుకు ఏం కావాలి? అదే గోపీచంద్ 2025లో, ఇంట్లో డబ్బో కుటుంబ వ్యాపారమో లేకపోతే పిల్లల్ని ఆటల్లో పెట్టవద్దనే సలహా ఇస్తానని కుండబద్దలు కొట్టారు. ఆటలోకి వచ్చే వందమందిలో ఒకరిద్దరికి కూడా అది బతుకు చూపించదన్నది ఆయన బాధ. చాలామందికి ఆ మాట మింగుడు పడలేదు. గెలిచినవాడు ఓడినవాళ్ల లెక్క చెప్పడం మనకు అలవాటు లేదు మరి.

2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఇరవై ఒక్కేళ్ల నితీశ్ కుమార్ రెడ్డి శతకం కొట్టినప్పుడు, స్టాండ్స్‌లో కళ్లనీళ్లు పెట్టుకున్న తండ్రి ముత్యాల రెడ్డిని దేశమంతా చూసింది. విశాఖలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగి ఆయన. ఉదయ్‌పూర్ బదిలీ అయితే కొడుకు ఆట ఆగిపోతుందని ఉద్యోగమే వదిలేశారు. ఆ తర్వాత డబ్బుకు కటకటలాడారు. నాకూ ఆ దృశ్యం చూసి గొంతు పట్టేసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మన ఊళ్లలో ఇలాగే ఉద్యోగాలు వదిలి, కొడుకు కిట్‌బ్యాగ్ మోసి, అండర్-19 దాకా వచ్చి ఆగిపోయిన పిల్లల తండ్రులు ఎంతమందో. కెమెరా వాళ్ల వైపు తిరగదు. ముత్యాల రెడ్డి త్యాగం ఎంత పెద్దదో వాళ్లదీ అంతే పెద్దది. ఫలితం బట్టి ఒకరిని మహానుభావుడంటాం, ఇంకొకరిని తెలివితక్కువవాడంటాం.

నేల ఎవరో ఒకరు వెయ్యాలి

ఇంట్లో స్తోమత లేనివాళ్లకు కాళ్ల కింద ఆ నేలను ప్రభుత్వం వెయ్యగలదా? వేసిన ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. పల్లె పిల్లవాడికి చదువుతో పాటు కంచం, మంచం కూడా ఇస్తే ఏమవుతుందో చూద్దామన్న ప్రయోగమది. ఆ బాటలోనే సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ అలాంటి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. ఆ తాడు తెగినా ఆమెకు మర్నాడు బడి ఉంది, భోజనం ఉంది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిది ఇంకో దారి. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు. అమ్మానాన్నలు కూలీలు. ఆమె పరుగు బడిలో ఒక పీఈటీ మాస్టారి కంటపడింది, అక్కడి నుంచి కోచ్ నాగపురి రమేశ్ దాకా వెళ్లింది. 2024లో కోబేలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం. నన్ను కదిలించింది పతకాల కన్నా ఇంకో సంగతి. కుటుంబం ఒకప్పుడు అమ్ముకున్న పొలాన్ని ఆమె తెచ్చిన నగదు బహుమతితో మళ్లీ కొనుక్కున్నారు. విజయం తమకేమిచ్చిందో ఆ ఇంటికి బాగా తెలుసు. దాంతో వాళ్లు కారు కొనలేదు, కాళ్ల కింద నేల కొన్నారు.

అమెరికా సంగతీ ఒక మాట అనుకుందాం, ఎందుకంటే మన టైంటేబుల్లో ఆఖరి స్టేషను అదే. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకుని, వచ్చాక నూట ఎనిమిది చేసే పిల్లల్ని చూస్తే నవ్వు రాదు, జాలేస్తుంది. హెచ్-1బీ ఏడాదికి 85 వేలు. 2023లో వాటి కోసం ఏడున్నర లక్షలకు పైగా రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఎవరికన్నది లాటరీ తేలుస్తుంది. అంటే ఎంసెట్, బీటెక్, ఎంఎస్ అన్నీ గెలిచినవాడు చివరికి చీటీల డబ్బా ముందు నిలబడతాడు. ఆ డబ్బా దాటితే గ్రీన్‌కార్డు వరుస, అందులో ఏ దేశానికైనా ఏడు శాతం మించి ఇవ్వరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి, సెలవుకు ఇంటికొచ్చిన పిల్లలు ఎంతమంది కంగారుగా తిరుగు టికెట్లు వెతుక్కున్నారో. వరంగల్, గుంటూరు చుట్టాలందరి దృష్టిలో వాళ్లు ‘సెటిలైపోయినవాళ్లే’.

ఆపేయడం కూడా ఒక నిర్ణయమే

మనకు ఓడినవాడంటే ఇష్టం లేదనలేం. 1983లో వచ్చిన కె. విశ్వనాథ్ ‘సాగరసంగమం’లో బాలు ఏం సాధించాడు? ఢిల్లీ వేదిక మీద నాట్యం చేసే అవకాశం వచ్చినా చెయ్యలేకపోయాడు, తాగుడుకు బానిసయ్యాడు, పత్రికలో విమర్శలు రాసుకున్నాడు. అతన్ని నలభై ఏళ్లుగా నెత్తిన పెట్టుకున్నాం. అదే బాలు మన ఇంటి అల్లుడు కావడానికి వస్తే ప్యాకేజీ ఎంతని అడుగుతాం. తెర మీది ఓటమికి కన్నీళ్లు, ఇంట్లో ఓటమికి ‘ఇంకానా’.

పరీక్షల బాటలో ఉన్నవాళ్లకు గౌరవంగా దిగిపోయే మెట్టు ఒకటి కావాలి. యూపీఎస్సీ 2018 నుంచి ఒక పని చేస్తోంది. చివరిదాకా వచ్చి ఎంపిక కానివాళ్లలో ఇష్టపడినవారి వివరాలు ఇతర సంస్థలకు అందుబాటులో పెడుతోంది. దానికే ఇప్పుడు ప్రతిభా సేతు అని పేరు పెట్టారు. ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాడు మట్టిబుర్ర కాదని ప్రభుత్వమే సంతకం పెట్టి చెప్పడం లాంటిదది. మన రెండు రాష్ట్రాల్లోనూ మెయిన్స్ దాటినవాళ్లకు అలాంటి కాగితం ఒకటి చేతిలో పెడితే, దాన్ని జిల్లా స్థాయి సంస్థలు, బ్యాంకులు, ప్రైవేటు కంపెనీలు చూస్తే, అశోక్‌నగర్‌లో గడిపిన నాలుగేళ్లు బయోడేటాలో ఖాళీగా మిగలవు. భూగోళం, చట్టం, లెక్కలు, బడ్జెట్ అన్నీ చదివిన మనిషిని ‘ఎక్స్‌పీరియన్స్ నిల్’ అని తిప్పి పంపడం మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదేమో.

ప్రభుత్వం చేసేదాకా ఇళ్లలో చెయ్యగలిగింది ముందే మాట్లాడుకోవడం. ఎన్నాళ్లు, ఎంత డబ్బు, కాకపోతే ఏమిటి. ఈ మూడు మాటలూ ఫలితం వచ్చాక మాట్లాడితే తగాదా అవుతుంది, ముందు మాట్లాడితే ఒప్పందం అవుతుంది. మొన్నామధ్య కృష్ణా జిల్లాలో తెలిసినవాళ్లింట్లో ఈ ఒప్పందం జరుగుతుంటే నేనక్కడే ఉన్నాను. తండ్రి ఆర్టీసీ కండక్టరు. కూతురు బీఈడీ పూర్తి చేసి, టెట్ పాసై, టీచరు ఉద్యోగాల డీఎస్సీ కోచింగుకు అవనిగడ్డ వెళతానంటోంది. ఆ చిన్న ఊరు మొత్తం డీఎస్సీ మీదే బతుకుతుందంటే అతిశయోక్తి కాదు. ఏ వీధి చూసినా హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు.

‘రెండేళ్లు చూద్దామమ్మా’ అన్నాడు తండ్రి. ‘హాస్టలుకీ కోచింగుకీ నేను చూసుకుంటాను. ఆ తర్వాత మాత్రం ఏదో ఒకదాంట్లో చేరిపోవాలి.’

‘రెండేళ్లు కాదు నాన్నా, రెండు డీఎస్సీలు ఇవ్వు.’

వంటింట్లోంచి తల్లి అందుకుంది. ‘రెండు డీఎస్సీలంటే పద్నాలుగేళ్లే పిల్లా! అప్పటికి నీ పిల్లలు రాస్తారు డీఎస్సీ.’

ఆవిడ లెక్క తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పూర్తయింది 2025లో. పోటీపడినవాళ్లు మూడు లక్షల పైచిలుకు. తెలంగాణలోనూ 2017 తర్వాత మళ్లీ 2024లోనే. పిల్లలకు గడువు పెట్టే పెద్దలు, ప్రభుత్వాలకు గడువు పెట్టలేని పెద్దలు, ఆ మధ్యాహ్నం ఒకే వరండాలో కూర్చుని ఉన్నారు. కాసేపు ఎవరూ పంతం వదల్లేదు. కాఫీలయ్యాయి. చివరికి ఒక్క డీఎస్సీకి బేరం తెగింది. నోటిఫికేషన్ పడ్డాకే అవనిగడ్డ, ఈలోగా ఊళ్లో ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతూ ఇంటిపట్టున చదువు. జీతం తొమ్మిది వేలు. అందులో మూడు వేలు నెలనెలా ఇంట్లో ఇస్తానంది కూతురు.

‘మాకొద్దులే. నీ పేరునే పోస్టాఫీసులో వేసుకో. ఇంకోసారి రాయాలనిపిస్తే అప్పుడు నన్నడగక్కర్లేదు’ అన్నాడు తండ్రి.